మీ ప్రశ్నలకు జవాబులు: నీళ్లలో పండే బియ్యం, దాన్ని కాచుకునే మనుషులు

పోయిన నెల ఈ శీర్షికలో అనిషినాబె ప్రజల గురించి కొంచెం రాశాను. అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఐదు పెద్ద సరస్సుల చుట్టూ తరతరాలుగా బతుకుతున్న ఓజిబ్వే, ఒడావా, పొటవాటమి లాంటి తెగలు తమను తాము పిలుచుకునే పేరు అది. వాళ్లు నేలనీ నీళ్లనీ చూసుకునే తీరు చెబుతూ మన హైదరాబాద్ చెరువులను కూడా తలుచుకున్నాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మా అబ్బాయి మినియాపొలిస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వైల్డ్ రైస్ అని ఒక ప్యాకెట్ తెచ్చాడు. నల్లగా, సూదుల్లా ఉన్నాయి. కుక్కర్లో మూడు విజిల్స్ వచ్చినా ఉడకలేదు. ఇది అసలు బియ్యమేనా అమ్మా? పైగా అక్కడివాళ్లు ఈ బియ్యం పేరు మీద కోర్టులో కేసు వేశారని చెబుతున్నాడు. బియ్యం కేసు వెయ్యడమేంటి?
(మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: బియ్యమే అనుకోండమ్మా, కానీ మన వరికి దూరపు చుట్టం. మంత్రపుష్పంలో 'నీవారశూకవత్తన్వీ' అని వింటాం కదా, ఆ నీవారం అంటే నివ్వరి, ఎవరూ విత్తకుండా నీళ్ల పక్కన దానంతట అదే పండే ధాన్యం. ఋషిపంచమి నోము పట్టినవాళ్లు దున్నని నేలలో పండినదే తినాలని దాని కోసం వెతుక్కునేవారు. ఈ అమెరికా గింజ మొక్క వేరు, కానీ బతుకు అలాంటిదే. లోతు తక్కువ ఉన్న సరస్సుల్లో బురదలో వేళ్లూని నీళ్ల పైకి వస్తుంది. అనిషినాబెలు దాన్ని మనోమిన్ అంటారు. తూర్పు సముద్రతీరం నుంచి పడమటికి వెళ్లండి, నీళ్ల మీద తిండి పండే చోటు కనిపించేదాకా ఆగకండి అని పూర్వం ప్రవక్తలు చెప్పారని, అలా నడిచి నడిచి ఈ సరస్సుల దగ్గర ఆగామని వాళ్ల పెద్దలు చెప్పే కథ.

మీ ప్యాకెట్‌లోది బహుశా మడులు కట్టి సాగుచేసి, యంత్రాలతో కోసిన రకం. అది నిగనిగలాడే నలుపు, ఉడకడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి, మూత పెట్టి సన్నసెగ మీద ఉడికించండి. గింజ పగిలి లోపలి తెలుపు బయటికి తిరిగితే అయినట్టు. సరస్సులో చేత్తో కోసి కట్టెల మంట మీద వేయించినది ఇలా ఉండదు. నాకు తెలిసినవాళ్లు తెస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. చేత్తో కోసినది గోధుమరంగు, బూడిదరంగు, అక్కడక్కడా లేత ఆకుపచ్చ కలిసి ఉంది, ఒక్క గింజకీ ఇంకో గింజకీ రంగు కలవలేదు, చేతిలోకి తీసుకుని వాసన చూస్తే పొగవాసన. ఇరవై నిమిషాల్లో ఉడికిపోయింది. పప్పుచారుతో తిన్నాం, బాగుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఆ కోత. ఒక పడవలో ఇద్దరు ఉంటారు. ఒకరు నిలబడి పొడుగాటి గెడతో పడవను మెల్లగా తోస్తుంటే, ఇంకొకరు కూర్చుని రెండు దేవదారు కర్రలు పట్టుకుని, ఒకదానితో కాడలను పడవ మీదికి వంచి రెండోదానితో అలా నిమిరినట్టు తడతారు. పండిన గింజ రాలుతుంది, పచ్చిది కంకిలోనే ఉంటుంది. కాడ విరగదు. ఒక్కో కంకిలో గింజలన్నీ ఒకేసారి పండవు, కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ అదే చోటికి వస్తారు. కొన్ని గింజలు నీళ్లలో పడతాయి, పడాలి కూడా, ఎందుకంటే ఈ మొక్క ఏటేటా విత్తనం నుంచే మొలుస్తుంది. మిన్నెసోటా రాష్ట్ర నిబంధనల్లో కూడా ఇదే పద్ధతి కొలతలతో సహా ఉంది. పడవ 18 అడుగుల పొడవు, 36 అంగుళాల వెడల్పు దాటకూడదు, కర్ర 30 అంగుళాలు మించకూడదు, దాని బరువు ఒక పౌండు లోపే ఉండాలి. అంటే సుమారు 450 గ్రాములు, మన అప్పడాల కర్ర అంత అనుకోండి. అంత తేలిక కర్రతో పచ్చి గింజను రాల్చాలన్నా రాల్చలేం.

కేసు నిజమే. మిన్నెసోటాలోని వైట్ ఎర్త్ ఓజిబ్వే తెగ 2018లో ఒక చట్టం చేసుకుంది, మనోమిన్‌కి బతికే హక్కు, వర్ధిల్లే హక్కు, మళ్లీ మొలిచే హక్కు, శుభ్రమైన నీటి హక్కు ఉన్నాయని. తర్వాత లైన్ 3 అనే చమురు పైప్‌లైన్ ఆ ప్రాంతంలో వేస్తూ, గుంతల్లో ఊరే భూగర్భజలం తోడెయ్యడానికి సుమారు 50 కోట్ల గ్యాలన్లకు ఉన్న అనుమతిని 2021లో రాష్ట్రం దాదాపు 500 కోట్ల గ్యాలన్లకు పెంచింది. పదింతలు! ఆ ఆగస్టులో తెగ కోర్టులో కేసు పడింది. వాది పేర్లలో మొదటి పేరు మనోమిన్. మీకు వింతగా ఉంది గానీ, మన గుడి మాన్యం దేవుడి పేరున ఉండదా? దేవుడి తరఫున కోర్టుకు వెళ్లరా? అలాంటిదే ఇది. చివరికి 2022లో తెగ పై కోర్టు, తెగ భూమికి బయట బయటివాళ్లు చేసిన పని మీద తమకు విచారణాధికారం లేదని కొట్టేసింది, అప్పటికే 2021 అక్టోబర్‌లో పైప్‌లో చమురు పారడం మొదలైంది. గెలవలేదు. అయినా ఆ చట్టం వాళ్ల పుస్తకాల్లో అలాగే ఉంది.

ప్రశ్న: మేడమ్, నేను అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్నాను. పిమాచియోవిన్ అకి గురించి షార్ట్ నోట్ ఇస్తారా?

జవాబు: ఇదిగో తమ్ముడూ. కెనడాలో మానిటోబా, ఒంటారియో రాష్ట్రాల సరిహద్దులో 29,040 చదరపు కిలోమీటర్ల ఉత్తరాది అడవి. అంటే మన మేడ్చల్, రంగారెడ్డి, వికారాబాద్, సంగారెడ్డి అన్నీ కలిపినా ఇంకా చోటు మిగిలేంత. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ప్రకృతి, సంస్కృతి రెండింటి కింద గుర్తింపు పొందిన కెనడా మొదటి స్థలం ఇదే. పేరుకి అర్థం 'జీవమిచ్చే నేల'. నాలుగు అనిషినాబె ఊళ్ల భూములు ఇందులో ఉన్నాయి: బ్లడ్‌వీన్ రివర్, లిటిల్ గ్రాండ్ రాపిడ్స్, పావింగాసీ, పాప్లర్ రివర్. ఒక్క మాట గుర్తుపెట్టుకో, వాళ్లు ప్రకృతి వేరు, సంస్కృతి వేరు అని రెండు ముక్కలు చేసి దరఖాస్తు పెట్టడానికి ఒప్పుకోలేదు. వేటగాడు ఏ దారిన పోవాలి, చేప ఏ నెలలో పట్టాలి అన్నది తెలిసిన మనుషులు ఉండబట్టే ఆ అడవి అలా ఉందన్నది వాళ్ల వాదన. పరీక్షలో ఇది రాస్తే మార్కులు వస్తాయి.

ప్రశ్న: మీరు రాసేది చదవడానికి బాగుంటుంది. కానీ పదిమంది మనుషులకు వంద చెరువులు ఉన్నచోట నియమాలు పాటించడం ఏం కష్టం? కోటిమంది ఉన్న ఊళ్లో నడవదు. ఆదివాసులు అంటే ప్రకృతిని ప్రేమిస్తారు అని రాసి చేతులు దులుపుకోవడం మానండి.
(బోడుప్పల్ నుంచి ఒక ఇంజనీరు)

జవాబు: ప్రేమ గురించి నేను రాయను సార్. నాకు వాళ్లలో నచ్చింది లెక్క.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓజిబ్వేలు వసంతంలో రాత్రిపూట ఈటెలతో వాలై అనే చేపను పడతారు. 1837, 1842 ఒప్పందాల్లో భూమి ఇచ్చేస్తూ వాళ్లు వేటాడే, చేపలు పట్టే హక్కులు దగ్గర పెట్టుకున్నారు, అడవి బియ్యం కోసుకునే హక్కు 1837 ఒప్పందంలో పేరు పెట్టి మరీ రాసి ఉంది. రాష్ట్రాలు దాన్ని పట్టించుకోలేదు, దశాబ్దాల తరబడి వాళ్లను కేసుల పాలు చేశాయి. 1983లో ఫెడరల్ కోర్టు ఆ హక్కు ఇంకా ఉందని చెప్పింది. మిన్నెసోటా మీల్ లాక్స్ తెగ కేసులో 1999లో సుప్రీంకోర్టు కూడా 5-4 మెజారిటీతో అదే చెప్పింది. 1983 తీర్పు తర్వాత ఏమైందో తెలుసా? పడవలు దిగే చోట జనం గుంపులుగా చేరి రాళ్లు విసిరారు, బూతులు తిట్టారు, చేపలన్నీ అయిపోతాయన్నారు. తెగలు ఏం చేశాయంటే 1984లో ఒక ఉమ్మడి కమిషన్ పెట్టుకుని, సొంత జీవశాస్త్రవేత్తలను, సొంత వార్డెన్లను నియమించుకున్నాయి. ఏ సరస్సులో ఎన్ని చేపలు పట్టొచ్చో ముందే లెక్క కడతారు, ఏ రాత్రికి ఆ రాత్రి పర్మిట్ ఇస్తారు, పడవ ఒడ్డుకు రాగానే టార్చ్ వెలుగులో ప్రతి చేపనూ లెక్కపెడతారు. శాంపిల్ కాదు, ప్రతి చేపనూ. 1991లో కేంద్రం, రాష్ట్రం, తెగలు కలిసి చేసిన అధ్యయనంలో ఈటె వేట వల్ల చేపల సంపదకు నష్టం జరగలేదనే తేలింది.

మీరు ఇంజనీరు కాబట్టి ఇంకొకటి చెబుతాను. మనోమిన్ పండే నీళ్లలో సల్ఫేట్ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని మిన్నెసోటా 1973లోనే నియమం పెట్టింది. సల్ఫేట్ అడుగు బురదలోకి దిగి, గాలి అందని చోట సల్ఫైడ్‌గా మారి వేళ్లను దెబ్బతీస్తుంది. ఇనుప గనుల నుంచి వచ్చే నీళ్లతో అసలు గొడవ అక్కడే. నియమం కాగితం మీద ఉంది, దశాబ్దాల పాటు అమలు చేసినవాళ్లు లేరు. గుర్తుచేసి గుర్తుచేసి, నీళ్లు పరీక్షించి లెక్కలు చూపించింది తెగలే. మన దగ్గర ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) అని, బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన చోటు) అని కాగితం మీద లేవా? ఉన్నాయి. గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాలు కాపాడాలని 1996లో 111 జీవో వచ్చింది, 2022లో ఇంకో జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. గండిపేట నీళ్లు ఏటా కొలిచి గేటు దగ్గర నిలదీసే హక్కు ఉన్న ఊరి సంఘం ఒక్కటి ఉంటే ఆ జీవో అంత తేలిగ్గా పోయేదా?

కోటిమంది ఊరు అన్నారు కదా, కెనడాలోని వినిపెగ్ నగరం సంగతి వినండి. ఆ నగరానికి 1919 నుంచి షోల్ లేక్ అనే సరస్సు నీళ్లు కాలువలో వస్తాయి, దాదాపు 150 కిలోమీటర్ల దూరం నుంచి. ఆ సరస్సు ఒడ్డున షోల్ లేక్ 40 అనే అనిషినాబె ఊరు ఉంది. కాలువ కోసం తవ్విన తవ్వకంతో ఆ ఊరు దీవిలా తెగిపోయింది. నగరం శుభ్రమైన నీళ్లు తాగుతుంటే, ఆ ఊరివాళ్లు 1997 నుంచి 2021 వరకు కాచుకుని తాగాల్సి వచ్చింది, ఇరవై నాలుగేళ్లు! ఊరికి రోడ్డు 2019లో వచ్చింది, దానికి ఫ్రీడమ్ రోడ్ అని పేరు. 1908 మూసీ వరదల తర్వాత మనం గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం, అవి చాలక ఇప్పుడు కృష్ణ నీళ్లు, గోదావరి నీళ్లు వందల కిలోమీటర్ల నుంచి తెచ్చుకుంటున్నాం. నల్లా తిప్పితే వచ్చే నీళ్లు ఎవరి ఊరి మీదుగా వస్తున్నాయో మనలో ఎంతమందికి తెలుసు? నడవదు అని మీరన్నారు. నగరాల్లో నడవనివ్వకుండా చేసింది ఎవరు అని నేను అడుగుతున్నాను.

ప్రశ్న: ఎక్కడో అమెరికా వాళ్లెందుకు, మన చెంచులు లేరా?
(అచ్చంపేట నుంచి హైదరాబాద్ వచ్చి చదువుకుంటున్న విద్యార్థి)

జవాబు: ఉన్నారు, వాళ్ల గురించి విడిగా రాస్తాను, ఒక్క జవాబులో తేల్చే విషయం కాదు. తేనె తీసేటప్పుడు పట్టు మొత్తం కొయ్యకుండా కొంత ఈగలకు వదిలేసే అలవాటు, మనోమిన్ కంకిలో గింజ వదలడం, రెండూ ఒకే ఆలోచన. 2019లో నల్లమలలో యురేనియం వద్దని అమ్రాబాద్ వైపు జనం గట్టిగా నిలబడితే ఆ సెప్టెంబర్‌లో శాసనసభ తీర్మానం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టంలో అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చారు. ఆ అధికారం ఎన్ని చెంచు పెంటలకు (వాళ్ల గూడేలకు) నిజంగా చేరిందో మీరే వెళ్లి కనుక్కుని నాకు రాయండి, మీ ఉత్తరమే వేస్తాను.

ప్రశ్న: అక్కా, మా కాలనీలో చెరువు ఉంది కానీ కంపు. అందుకని మూడేళ్లుగా బతుకమ్మను ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి అందులో వదులుతున్నాం. తంగేడు, గునుగు తెచ్చి అంత కష్టపడి పేర్చి, టబ్బులో వదులుతుంటే ఏడుపొస్తుంది. ఏం చెయ్యాలి?
(నాగారం నుంచి)

జవాబు: మీ ఉత్తరం చదివి నేనూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.

జోసెఫిన్ మండామిన్ అని ఒక అనిషినాబె అమ్మమ్మ ఉండేది. వాళ్లలో నీళ్లను చూసుకోవడం ఆడవాళ్ల బాధ్యత, నీళ్లను నిబి అంటారు. 2003లో ఆమె, ఇంకొందరు ఆడవాళ్లు రాగి బిందెలాంటి పాత్రలో నీళ్లు పట్టుకుని సుపీరియర్ సరస్సు చుట్టూ నడిచారు. తర్వాతి సంవత్సరాల్లో మిగిలిన పెద్ద సరస్సుల చుట్టూ కూడా. తెల్లవారకముందే బయలుదేరతారు, ఒకరి చేతిలోంచి ఒకరు బిందె అందుకుంటారు తప్ప నడక ఆగదు. ఎందుకు నడుస్తున్నారని దారిలో జనం అడుగుతారు. చెబుతారు. అంతే, అదే పని. ఆమె 2019లో పోయింది. ఆమె మనవరాలి వరస అమ్మాయి ఆటమ్ పెల్టియర్ 2018లో పదమూడేళ్ల వయసులో ఐక్యరాజ్యసమితిలో నీళ్ల గురించి మాట్లాడింది.

టబ్బులో వదలడం తప్పు కాదు చెల్లీ, పిల్లలకు ఆ నీళ్లు తగలకూడదు. కానీ ఈసారి ఎంగిలిపూల నాడు బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని ముందు చెరువు కట్ట దాకా వెళ్లండి, అక్కడే ఆడి పాడండి, ఆ తర్వాత ఇంటికొచ్చి టబ్బులో వదలండి. చెరువులోకి ఏ నాలా కలుస్తోందో, ఏ అపార్ట్‌మెంట్ పైపు కలుస్తోందో కట్ట మీద నుంచి కనబడుతుంది, ఫోటో తీయండి. తొమ్మిది రోజులు, తొమ్మిది ఫోటోలు, తేదీలతో. వార్డు ఆఫీసుకు ఒక్కరు కాకుండా ఆడిన వాళ్లంతా కలిసి వెళ్లండి.

ప్రశ్న: మా తాత నీరటి. ఇప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన కలిసిపోయిన ఊరు మాది. తూము ఎప్పుడు తియ్యాలి, ఎవరి మడికి ఎన్ని గంటలు నీళ్లు పారాలి అన్నీ ఆయన చేతిలో ఉండేవి. నాన్న ప్రైవేటు ఉద్యోగి, నేను సాఫ్ట్‌వేర్. చెరువు సగం ఉంది. అనిషినాబె వాళ్లలో నీరటి లాంటి మనిషి ఉంటాడా?

జవాబు: ఉంటాడు బాబూ, అందుకే మీ ప్రశ్న చివరికి దాచుకున్నాను.

ఆగస్టు చివర్లో మనోమిన్ పండే వేళకి అందరూ పడవలేసుకుని ఎగబడరు. అనుభవం ఉన్న పెద్దలు ముందుగా వెళ్లి కంకి పట్టి చూస్తారు, గింజ పాలు పోసుకుందా, గట్టిపడిందా, చేత్తో తడితే రాలుతుందా అని. ఈ సరస్సు సిద్ధం, ఆ సరస్సుకి ఇంకో వారం ఆగాలి అని వాళ్లు చెప్పాకే దిగాలి. ఒకప్పుడు దానికి పెద్దమనిషి ఉండేవాడు, ఇప్పుడు చాలా తెగల్లో కమిటీలు ఉన్నాయి. పచ్చిగా ఉండగా ఒక్కడు దిగినా కాడలు విరిగి అందరి పంటా పోతుంది కాబట్టి ఆయన మాటకి ఎదురు లేదు. పడవ దిగే ముందు నీళ్ల మీద చిటికెడు పొగాకు వదిలి దణ్ణం పెట్టుకుంటారు, మీ తాత తూము తీసే ముందు కొబ్బరికాయ కొట్టి ఉంటాడు చూడండి, అలాగే. నీటిమట్టం కూడా వాళ్లకు ప్రాణంతో సమానం. జూన్‌లో మొక్క ఆకులు నీళ్ల మీద పరుచుకుని తేలే సమయంలో మట్టం అడుగు పెరిగినా మొక్క వేళ్లతో సహా లేచిపోతుంది. ఎక్కడో ఆనకట్ట గేటు వేసేవాడికి ఈ సంగతి తెలియక ఎన్నో సరస్సుల్లో మనోమిన్ మునిగిపోయింది.

మీ తాతకూ అలాంటివే తెలుసు. మత్తడి ఎప్పుడు దుంకుతుంది, ఏ వాగు నుంచి ముందు నీళ్లు వస్తాయి, శిఖం భూమి ఎక్కడి దాకా. ఎఫ్‌టీఎల్ సర్వేలో ఇప్పుడు వాదులాడుకునే గీత ఆయన కాళ్లకు తెలుసు. మీ నాన్నగారికి చిన్నప్పుడు ఆయన వెంట తిరిగిన గుర్తు ఉండే ఉంటుంది. ఈ వర్షాకాలం లోపు ఒక ఆదివారం పొద్దున్నే నాన్నగారిని కట్ట మీదికి తీసుకెళ్లండి. తూము రాయి ఎక్కడుండేది, మత్తడి ఎక్కడ, నీళ్లు నిండితే ఎవరి చింతచెట్టు దాకా వచ్చేవి, నడుస్తూ చూపించమనండి. ప్రతిచోటా ఫోన్‌లో లొకేషన్ పెట్టుకోండి, ఆయన మాట రికార్డ్ చేసుకోండి. చింతచెట్టు కొట్టేసి ఉంటే దాని మొద్దయినా ఉందేమో చూడండి.